అత్తమ్మ వచ్చేలోపు

అత్తమ్మ ఇల్లు చేరేలోపు కుకీలు చేయడం అయిపోవాలి. ఆమె వచ్చిందంటే ఇక సుజాతను పొయ్యి దగ్గరికి రానివ్వదు.

పెరట్లో కట్టెల పొయ్యి. దాని మీద మసిబారిన పెద్ద మూకుడు. మూకుట్లో వాగు ఇసుక, ఇసుక మీద పళ్లెం. పైన మూత, మూత మీద నిప్పులు. సుజాత ఇంట్లో బేకరీ పొయ్యి అంటే ఇదే.

సరుకూ అంతే. వెన్నకు బదులు డాల్డా. రోట్లో దంచిన చక్కెర, మైదా, చిటికెడు వంటసోడా. చాక్లెట్ చిప్స్ ఆ ఊళ్లో దొరకవు. కిరాణా కొట్లో చిన్న చాక్లెట్లు తెచ్చి కత్తిపీట మీద సన్నగా తరిగింది. ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్న వంట. డబ్బాలో పెడితే నాలుగు రోజులైనా చెడిపోవు. మనోజ్ఞ మారాం చేయకుండా తినేది కూడా ఇవే.

ఐదేళ్ల మనోజ్ఞది వింత మొండితనం. తల్లి చేతి వంట తప్ప ముట్టదు. ఇంకెవరు ముద్ద కలిపినా పళ్లు బిగబడుతుంది. మొన్న మొగుడు వెంకటకృష్ణ పత్తి లోడు మీద నుంచి పడ్డప్పుడు, పిల్లను పక్కింటి పుల్లమ్మ దగ్గర వదిలి సుజాత ఖమ్మం దవాఖానాకు పరుగెత్తింది. మర్నాటికల్లా పిల్ల కళ్లు తేలేసింది. సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అత్తమ్మ కొడుకు దగ్గర ఉండిపోయి, సుజాతను వెనక్కి పంపింది.

"ఇంకోసారి ఇట్ల పస్తులుంటే పిల్ల నీకు దక్కదమ్మా" అని డాక్టరు అన్న మాట సుజాత చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది.

మొదటి వాయి మాడింది. అడుగంతా నల్లగా, చేదుగా. ఉన్న పిండే అంతంత మాత్రం. సుజాత రెండు కట్టెలు బయటికి లాగి, మంట తగ్గించి, మళ్లీ పేర్చింది. రోడ్డు వైపు చూసింది. మళ్లీ మూకుడు వైపు చూసింది.

ఈసారి కుకీలు ఎర్రగా పొంగాయి.

దడి అవతల నుంచి పుల్లమ్మ తల పైకెత్తి చూసింది.

"ఏందే సుజాతా, వాడంతా గుమగుమలాడుతున్నది? పెండ్లేమన్న ఉన్నదా?"

"పిల్లకు కుకీలు చేస్తున్న పెద్దమ్మా."

"కుకీలా? పేరే గట్లున్నది. కుక్కలకేసేవా ఏంది?"

పొయ్యి పక్కనే కూచున్న మనోజ్ఞ పకపకా నవ్వింది. సుజాత మూత మీద నిప్పులు సర్దుతోంది.

"క్రిష్ణ ఎట్లున్నడు? ఏమన్న తెలిసిందా?"

"బయల్దేరిన్రు. ఈపాటికి కొత్తగూడెం దాటి ఉంటరు. అత్తమ్మ గూడ వస్తున్నది."

"అమ్మయ్య! ఇంటికి తోలిన్రంటే గండం గడిచినట్టే గదా. భద్రాద్రి రామయ్యా, నీకు దండం!" పుల్లమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

సుజాత వంగి పొయ్యి ఊదింది. మంట బాగానే ఉన్నా ఊదుతూనే ఉంది.

మనోజ్ఞ పళ్లెంలోకి తొంగి చూసింది. "అమ్మా, ఈ పెద్దది నాన్నకు."

"నాన్నకొద్దు బిడ్డా. నువ్వే తిను."

"అన్నీ నాకేనా?"

"అన్నీ నీకే. ఆకలైనప్పుడల్లా తినాలె. నేను పిలవకున్నా తినాలె."

"నువ్వెందుకు పిలవవ్?"

"నాన్నను చూడనీకి మస్తుమంది వస్తరు గదా. నాకు తీరదు."

రెండు కుకీలు పిల్ల చేతిలో పెట్టి, మిగతావన్నీ డబ్బాలో సర్ది మూత బిగించింది. దాన్ని దడి మీదుగా పుల్లమ్మ చేతికిచ్చింది.

"ఇది నీ ఇంట్ల దాచు పెద్దమ్మా. అత్తమ్మ చూస్తే పారబోయిస్తది. మనుకు నువ్వే ఇయ్యి. అమ్మ చేసిందని చెప్పు, తింటది. మర్చిపోకు."

"మీ అత్త గంత గయ్యాళిదా? ఇన్నొద్దుల సంది చూస్తున్న, నాకు తెల్వదే!" పుల్లమ్మ బుగ్గ నొక్కుకుంది. "అత్తకు భయపడి బిస్కెట్లు దాచే కోడల్ని నిన్నే చూసిన. సరే తియ్యి. రావే మనూ, మా పిల్లి పిల్లల్ని పెట్టింది, చూద్దువు గానీ."

పిల్ల గెంతుకుంటూ వెళ్లింది. రెండు చేతుల్లో రెండు కుకీలు. ఒకటి అప్పుడే సగం కొరికింది.

సుజాత ఆ నోటినే చూస్తూ నిలబడింది. నమిలింది. మింగింది.

టేకు చెట్ల మలుపులో తెల్ల వ్యాను కనిపించింది.

సుజాత చెంబెడు నీళ్లు పొయ్యిలో కుమ్మరించింది. మూకుట్లో ఇసుక దడి పక్కన పారబోసింది. గోళ్ల సందుల్లో ఇరుక్కున్న పిండి కడుక్కుంది. వాకిట్లోకి వచ్చింది.

చావింట్లో మూడో రోజు దాకా పొయ్యి వెలిగించనివ్వరని, వండింది ఏదున్నా పారబోయిస్తారని తెలిసి, మొగుడు పోయాడంటూ పొద్దున అత్తమ్మ ఫోన్లో చెప్పిన కబురును ఇంతసేపూ కడుపులోనే దాచుకున్న సుజాత, అప్పుడు గొంతెత్తి ఏడ్చింది.