దెబ్బదెబ్బకీ నీ దయ

ఊళ్లో అల్లర్లు చెలరేగిన రోజు, కర్రలు పట్టుకున్న గుంపు ఇంటి ముందు గదిలోనే నడిచే టైలరు కొట్టు తలుపు పగలగొట్టింది. కుట్టుమిషన్లను వీధిలోకి విసిరేసి, ముసలి టైలరును జుట్టు పట్టి ఈడ్చి బాదింది. చెయ్యి విరిగింది. నోట్లోంచి నెత్తురు కారింది.

దెబ్బ పడినప్పుడల్లా ఆయన, "దేవుడా, నీ దయ" అంటూనే ఉన్నాడు.

"ఇంకా ఏం దయరా?" అంటూ ఒకడు డొక్కలో తన్నాడు. ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. కొట్టి కొట్టి అలిసిపోయి, చచ్చాడనుకుని వదిలేసి పోయారు.

ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి భార్య పక్కనే ఉంది.

"వీధంతా చెప్పుకుంటున్నారు. అన్ని తన్నులు తింటూ దేవుడికి దండాలేంటయ్యా?" అంది ఏడుస్తూ.

ఆయన వాచిన పెదాలు కదిపాడు.

"నువ్వు మనవరాల్ని ఎత్తుకుని వెనక గోడ దాటేదాకా వాళ్ల చేతులు ఆగకూడదని మొక్కుకున్నానే. దెబ్బ పడ్డప్పుడల్లా, ఇంకా నా దగ్గరే ఉన్నారు కదా అనుకున్నా."