నారింజ రంగు బండి

"హారన్ కొత్తగా వేయించారా సార్?" బానెట్ కింద తల దూర్చిన నిహారిక అడిగింది.

"అవ్ మేడమ్. ఇది మూడోది," అన్నాడు తిరుమలేశ్.

"మూడోదా! అంతలా కొడతారా?"

"ఏ ఊరికి పోయినా కొట్టుకుంటనే పోతం."

సినిమావాళ్ల హంగామా అంటే ఇదే కాబోలు అనుకుంది నిహారిక. ఆమె జూబ్లీహిల్స్‌లో పాత కార్లు కొని అమ్మే షోరూములో పనిచేస్తుంది. పెద్ద బండ్లు ఆమెకు కొత్త కాదు. కానీ కొన్ననాడు ఒక ఫ్లాటు ధర పలికిన బండి, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగి, నారింజ రంగు వెలిసిపోయి, ఇలా కృష్ణానగర్ రోడ్డు పక్కన నిలబడి ఉండటం మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

తిరుమలేశ్ ఒకప్పుడు నిర్మాత. మొదటి సినిమా నిలబెట్టింది, రెండోది నిలువునా ముంచింది. జూబ్లీహిల్స్‌లో ఇల్లు అమ్మేసి, భార్య మంజులతతో ఇక్కడ రెండు గదుల్లో కిరాయికి దిగాడు. ఇప్పుడు ఇతరుల సినిమాలకు లొకేషన్లు వెతికిపెడుతుంటాడు. ఇల్లు పోయింది, నగలు పోయాయి, బండి మాత్రం ఉండిపోయింది. ఫిల్మ్‌నగర్‌లో మనిషి కంటే ముందు కారును చూస్తారు, స్టూడియో గేటు కూడా కారును చూసే తెరుచుకుంటుంది. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా ఈ బండిని చూసి "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని నవ్వుకుంటారు. ఇందాక అడ్రసు అడిగితే టీకొట్టు ఆయన కూడా నిహారికతో అదే మాటన్నాడు.

"సెల్లార్ లేదా సార్? ఎండలో పెట్టి రంగంతా పాడు చేసుకున్నారు."

"సెల్లార్ ఉన్నది మేడమ్. గీడ పెడితేనే వచ్చేటోళ్లకు, పోయేటోళ్లకు కనబడతది."

టీకొట్టాయన అన్నది అబద్ధం కాదని నిహారిక లోలోపల నవ్వుకుంది.

"మళ్లీ పెయింట్ వేయించాల్సింది. తలుపు మీద ఈ సొట్టయినా తీయించాల్సింది."

"మా ఆమె వద్దన్నది."

మంజులత ఆ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నిహారిక వచ్చినప్పటి నుంచి తలుపు పిడి మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

"ఇన్ని కిలోమీటర్లూ లొకేషన్ల కోసమేనా సార్?"

"లొకేషన్లకు కొంత. పని లేనినాడు ఇద్దరం పోతం. ఏడ జాతరుంటే గాడికి. సంతలకు పోతం, బస్టాండ్లకు పోతం."

"భలే వాళ్లండీ మీరు. నేనూ మావారూ ట్యాంక్‌బండ్ దాకా పోయి ఏడాదైంది," అంది నిహారిక సరదాగా. ఎవరూ నవ్వలేదు. తనేమన్నా తప్పుగా అన్నానా అని ఆమెకు కొంచెం బెరుకు పుట్టింది.

"గేర్‌బాక్స్ పోయిందని ఫోన్లో చెప్పారు కదా," అని మాట మార్చింది.

"పోయిన వారం నాందేడ్ దాటినంక నడిరోడ్డు మీద ఆగింది. ఎట్లనో మెల్లగ నడిపించుకుంట ఇంటిదాక తెచ్చినం. వారంటీ ఎప్పుడో అయిపాయె. బాగుచేస్తే బండి ధర కంటే ఎక్కువైతదంటున్నరు." తిరుమలేశ్ బానెట్ మూసేశాడు. "ఇగ దీనితోని కాదు మేడమ్. తీస్కపోండ్రి."

నిహారిక ధర చెప్పింది. అతను బేరమాడలేదు. తాళంచెవి జేబులోంచి తీశాడు గానీ ఇవ్వలేదు, అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఇద్దామా మంజూ?"

మంజులత అప్పుడు నోరు విప్పింది. భర్తతో కాదు, నిహారికతో.

"గిసొంటిదే కొత్తది దొరుకుతదా అమ్మా?"

నిహారికకు ప్రాణం లేచొచ్చింది. పాతది కొని కొత్తది అంటగడితే షోరూములో ఆమెకు మంచి పేరు. "ఎందుకు దొరకదు మేడమ్! ఇదే కంపెనీ, ఇదే మోడల్. కొత్త వారంటీ కూడా వస్తుంది. నెలనెలా కట్టుకోవచ్చు."

"గిదే రంగు?"

"ఈ రంగు ఆపేశారు మేడమ్. తెలుపు ఉంది, నలుపు ఉంది. నలుపైతే హుందాగా ఉంటుంది."

"పాతదన్న ఏడనన్న..."

"ఈ ఊళ్లో నేనైతే ఇదొక్కటే చూశాను."

మంజులత కాసేపు రోడ్డు వైపు చూసింది. తర్వాత భర్త చేతిలోంచి తాళంచెవి తీసుకుని కొంగున ముడి వేసుకుంది.

"మేం అమ్మం అమ్మా. నీకు తిప్పలైంది, జర ఏమనుకోకు."

"మంజూ, మల్ల ఏడనన్న ఆగిపోతే?" అన్నాడు తిరుమలేశ్.

"ఆగిన కాడనే కూసుందం."

ఆ మాటకు అతనికి ఏడుపొచ్చింది. ముక్కూమొహం తెలియని పిల్ల ఎదురుగా నిలబడి ఉందన్న సిగ్గు కూడా లేకుండా, బండికి ఆనుకుని ఏడ్చాడు. మంజులత ఏడవలేదు, అతని వీపు నిమిరింది.

నిహారికకు జాలి కంటే ముందు చిరాకే వచ్చింది. పొద్దుటి నుంచి పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

"రంగు కోసం ఇంత పాత బండిని ఎవరైనా పట్టుకు వేలాడతారా మేడమ్? ఏడాది పోతే తుక్కువాడు కూడా అడగడు. జనం నవ్వుతున్నారు కూడా. ఇంకా ఎన్నాళ్లు ఉంచుకుంటారు దీన్ని?"

మంజులతకు కోపం రాలేదు. కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచి, మెల్లగా చెప్పింది.

"తప్పిపోయిన మా బిడ్డ చిన్నికి మాటలు రావమ్మా, గీ బండిని చూస్తే గుర్తుపడతది."