ఉడుంపట్టు

“మా ఆయన్ని ఇలా వదిలేస్తారా డాక్టరమ్మా?” అంటూ ఉడుం సారు ఎదురుగా కూర్చున్న డాక్టరమ్మ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. గుబురు మీసాల పెద్ద డాక్టరు, తోలుసంచీ ఒళ్లో పెట్టుకుని, ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న ఇల్లాలి వేషం కడితే నవ్వు రాకేం చేస్తుంది!

ఏళ్ల తరబడి వైద్యం చేస్తున్న డాక్టర్లకు మళ్లీ పాఠాలు చెప్పే క్లాసు అది. రోగి ఎలా ఉన్నాడో సారే చెబుతాడు, రోగి తాలూకు మనిషిగానూ ఆయనే కూర్చుంటాడు. వచ్చినవాళ్లు డాక్టరుగా మాట్లాడి ఒప్పించాలి. పరీక్ష అదే. చిన్న ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇందులో నెగ్గితే అక్కడి ఐసీయూ ఆమె చేతికొస్తుంది. తప్పితే జ్వరాలూ దగ్గులూ చూసుకుంటూ మళ్లీ ఆ ఇరుకు గదిలోనే.

సారుకు ఆ పేరు ఊరికే రాలేదు. ఉడుం పట్టుకుంటే గోడైనా కూలాలి గానీ ఉడుం ఊడదు. ఈయన రోగిని పట్టుకున్నా అంతే. యముడంతటివాడు వచ్చినా, చూడ్డానికి వేళ దాటిపోయింది రేపు రమ్మని పంపేస్తాడని వార్డులో చెప్పుకుంటారు. రెండోసారి వచ్చిన యముడు దున్నపోతును పెట్టుకోవడానికి చోటడిగి చీవాట్లు తిన్నాడని కూడా అంటారు.

“కిడ్నీలకు డయాలసిస్ పెడతానని చెప్పి గట్టెక్కవే తల్లీ,” అంది వెనక కూర్చున్న స్నేహితురాలు గుసగుసగా. “ఆయన ముందు ఇక వైద్యం చాలు అన్నవాళ్లెవరూ బాగుపడలేదు.”

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది.

“అమ్మా, మీ ఆయన ఊపిరితిత్తులు ఎండిన బీరపీచులా గట్టిపడిపోయాయి.”

“మిషను ఊదుతోందిగా?”

“మిషను గాలి తోస్తుంది. పీచును మళ్లీ మెత్తబరచలేదు.”

“మందు మార్చండి.”

“మార్చి చూశాం. ఇక మార్చడానికి మందు లేదు.”

“కొత్త ఊపిరితిత్తులు వేస్తారటగా? మా తోడికోడలు చెప్పింది.”

మళ్లీ నవ్వులు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

“ఆ ఆపరేషన్‌కు ఆయన గుండె తట్టుకోదమ్మా.”

“పోనీ, కిడ్నీలు ఆగాయన్నారుగా. వాటికైనా డయాలసిస్ పెట్టండి. పెట్టమని నేనే అడుగుతున్నాగా! సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను.”

వెనకనుంచి స్నేహితురాలు గట్టిగా దగ్గింది. ఒక్క మాట. పెడతానంటే చాలు, ఐసీయూ తనదే.

“పెట్టనమ్మా.”

నవ్వులు ఆగిపోయాయి.

“పెడితే ఆయన బతకడు. పోవడం ఆలస్యమవుతుంది, అంతే. ఆ ఆలస్యమంతా ఆయనకు సూదులూ గొట్టాలే.”

“నువ్వసలు డాక్టరువేనా? నీ కన్నతండ్రయితే ఇలాగే అంటావా?” సారు పట్టు బిగిసింది. ఆమె వేళ్లు తెల్లబడ్డాయి.

“మా నాన్నయితే నేనూ మీలాగే ఎవరో ఒకరి చేతులు పట్టుకుని ఏడ్చేదాన్ని. అప్పుడు నాకు వద్దని చెప్పే డాక్టరు దొరకాలి.”

“అంటే వదిలేస్తారు.”

“మిషన్లను వదుల్తామమ్మా, ఆయన్ని కాదు. ఆయాసం తెలియకుండా మందిస్తాం. ముందు మందు, ఆ తర్వాతే గొట్టం తీయడం. మీరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోండి. మీకు కుర్చీ నేను వేయిస్తాను. నేనూ అక్కడే ఉంటాను.”

ఈసారి సారు గొంతులో వేషం తగ్గింది.

“రేపు పదిమందీ అడుగుతారు. ఎందుకు ఒప్పుకున్నావు, ఇంకొన్నాళ్లు ఉంచితే లేచి కూర్చునేవాడేమో అని. ఏం చెప్పను?”

“డాక్టరు ఆపమంది అని చెప్పండి. నన్ను తిట్టుకోమనండి. ఆ బరువు నాది, మీరు మొయ్యకండి.”

ఉడుం సారు ఆమె చేతులు వదిలేశాడు. ఆయన ఏదైనా వదలడం ఆ గదిలో ఎవరూ చూసి ఉండరు.

“అందరూ వెళ్లి టీ తాగిరండి. నువ్వుండు.”

కుర్చీలు చప్పుడు చేస్తూ జరిగాయి. స్నేహితురాలు వెళుతూ వెళుతూ ఇక నీకు దేవుడే దిక్కన్నట్టు చూసింది. తలుపు మూసుకుంది.

“తప్పానా సార్?”

“నెగ్గావమ్మాయ్.”

“మరి ఆ పేషెంటుకు చివరికి ఏం చేశారు సార్?”

“ఆయనింకా ఐసీయూ దాకా రాలేదు. ఊపిరితిత్తులు గట్టిపడటం ఇప్పుడిప్పుడే మొదలైంది. వచ్చినప్పుడు మాత్రం ఇక్కడ చేర్చొద్దని చెబుతాను. ఇక్కడున్నవాళ్లంతా నా శిష్యులే, పట్టుకుంటే చచ్చినా వదలరు. మీ ఆసుపత్రికి తీసుకురమ్మంటాను.”

“తీసుకురమ్మనండి సార్.”

“ఆయన భార్య నాకంటే గట్టిగా పట్టుకుంటుంది నీ చేతులు. ఎంత ఏడ్చినా మాట మార్చకు. ఇవాళ చెప్పినట్టే చెప్పు. కుర్చీ మరిచిపోకు.”

“మరిచిపోను సార్. ఎవరు సార్ ఆవిడ?”

సారు తోలుసంచీ ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

“మా ఆవిడ.”