పెద్దల్లుడి రివెట్లు

చిన్నల్లుడు ఉలి ఆనించి సుత్తితో ఒక్కటేశాడు. రివెట్టు తల తెగి, దొర్లుకుంటూ వచ్చి పెద్దల్లుడి చెప్పు దగ్గర ఆగింది.

ఒకప్పుడు ఆ రివెట్టును ఎర్రగా కాల్చి కొట్టింది అతనే.

లారీ మామగారిది. బరువులు మోసీ మోసీ కింది ఛాసిస్ చట్రం అతుకుల దగ్గర రివెట్లు వదులయ్యాయి. అల్లుళ్ళిద్దరిదీ ఒకే షెడ్డు. పెద్దవాడిది రివెట్ల పని, చిన్నవాడిది బోల్టుల పని.

మామగారు బండి తాళం ముందే చిన్నవాడి చేతిలో పెట్టాడు. ఇప్పుడు పెద్దవాడికి సర్దిచెప్పాడు.

"ఈసారికి బోల్టులు వేద్దాం. వదులైతే మళ్ళీ బిగించుకోవచ్చు."

"కాల్చి కొట్టిన రివెట్టు చచ్చేదాకా పట్టు వదలదు మామయ్యా," అన్నాడు పెద్దల్లుడు.

"వదిలిందిగా," అన్నాడాయన, మామూలుగానే.

చిన్నవాడు నవ్వాడు. "అన్నీ వదల్లేదులే అన్నా. నీ రివెట్లు ఊడగొట్టేసరికి నా నడుం పడిపోయింది."

మంచి మాటే. పెద్దల్లుడికి అదే ఇంకా మండింది.

చిన్నవాడు పాత రంధ్రాలు సాపు చేశాడు. కొత్త బోల్టులు దింపాడు. ఒక్కో నట్టునూ కొలత చూసి బిగించి, నట్టు మీదుగా ఛాసిస్ మీదికి పసుపు రంగు గీత గీశాడు. నట్టు ఏ కాస్త తిరిగినా గీత రెండుగా విడిపోతుంది. దొంగ ఎక్కడున్నాడో అదే చెప్పేస్తుందని అతని ధీమా.

ఇంట్లోనూ అదే పాట.

"చిన్నల్లుడి పని చూడముచ్చటగా ఉందట," అంది అత్తగారు వడ్డిస్తూ.

"మరిది చెయ్యి అలాంటిదమ్మా," అంది పెద్దల్లుడి భార్య.

అతను సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. అతను ఆకలి లేదని ఆగిపోయాడు.

లారీ కిందికి దూరాడు. వంక వెతకడానికే. సుత్తితో ఒక్కో బోల్టునూ తట్టాడు. అన్నీ ఖంగుమన్నాయి. ఒక్కటైనా తేడాగా పలకలేదు.

అలాగే వెల్లకిలా పడుకుని, చాలాసేపు ఆ వరసను చూశాడు.

తర్వాత పానా అందుకున్నాడు. బలమంతా పెట్టి ఒక నట్టును పావు చుట్టు వెనక్కి తిప్పాడు.

భోజనాలయ్యాక మామగారు వచ్చి చిన్నవాణ్ణి తాళం అడిగాడు. లోడుకు వేళవుతోందన్నాడు.

"ఒక్కసారి నేను తట్టి చూస్తా మామయ్యా," అన్నాడు పెద్దల్లుడు. "బండిలో వెళ్ళేది మీరు."

"చూడన్నా," అన్నాడు చిన్నవాడు సంతోషంగా. "నీ చెవి ముందు ఏ మీటరూ పనికిరాదు."

పెద్దల్లుడు లారీ కిందికి దూరాడు. మొదటి బోల్టు ఖంగుమంది. రెండోదీ అంతే. అతను తొందరపడలేదు. ఒక్కోటీ తట్టుకుంటూ, తను తిప్పిన దాని దగ్గరికి వచ్చాడు.

డబ్‌మంది.

"ఇది వదులు," అన్నాడు.

మామగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగబోయాడు. అంతలోనే చిన్నవాడు కిందికి దూరాడు.

పసుపు గీత రెండుగా విడిపోయి ఉంది.

బండి ఇంకా షెడ్డులోంచి అడుగైనా కదల్లేదు.

అతను తోడల్లుడి మొహంలోకి చూశాడు. పెద్దల్లుడు సుత్తి పిడి చూసుకుంటున్నాడు.

చిన్నవాడు కిరోసిన్ గుడ్డతో ఆ గీతను రుద్ది చెరిపేశాడు.

"ఇదొక్కటీ మర్చిపోయినట్టున్నాను మామయ్యా."

"మర్చిపోతే నా పని అయిపోయేది కదయ్యా," అన్నాడు మామగారు. నిటారుగా నిలబడి, బయటికి వచ్చిన పెద్దల్లుడి భుజం తట్టాడు. "ఇంటికి పెద్దవాడుండాలనేది ఇందుకే."

ఈ మాట కోసం పెద్దల్లుడు ఎన్నేళ్ళుగానో కాచుకుని ఉన్నాడు.

చిన్నవాడు నట్టు బిగించాడు. గీత మళ్ళీ గీశాడు. చేతులు కడుక్కున్నాడు.

లారీ వెళ్ళిపోయింది.

టీలు వచ్చాయి. షెడ్డు ముందున్న బల్ల ఇద్దరికి ఇరుకు. అయినా రోజూ దాని మీదే, మోచేతులు తగిలించుకుంటూ కూర్చునేవారు.

పెద్దల్లుడు ఒక చివరకు జరిగాడు.

"రా తమ్ముడూ."

చిన్నవాడు గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"పర్లేదండీ," అన్నాడు. "మీరు కూర్చోండి."