ఉతికిన పంచ

“అమ్మా, పెట్టెలో నాయన పంచ యాడ?”

తండ్రి కాటమయ్యను పగోళ్లు నరికిన రోజు ఆయన ఒంటి మీదున్న పంచ అది. పగ తీరేదాకా దాన్ని ఉతికేది లేదని వీరన్న ఒట్టు పెట్టుకున్నాడు. ఈ పొద్దు దాన్నే నడుముకు చుట్టుకొని జీపెక్కాలి.

మనవణ్ణి బొంత మీదే పండబెట్టి, సిద్దమ్మ దాని చివరి మూల కుడతాంది.

“ఉతికినా.”

“ఎవర్నడిగి ఉతికినావు?”

“నీ కొడుక్కు బొంత కుట్టమని నువ్వే అంటివి గదరా. పసిబిడ్డకు కొత్తగుడ్డ గుచ్చుకుంటాది. ఇంట్లో పెద్దోళ్లు కట్టి కట్టి మెత్తబడిందే పరచాల.”

వీరన్న వంగి చూశాడు. ఎంత ఉతికినా పోని మరక మీద బిడ్డ పిడికిలి ఉంది.

“కుట్లు ఇప్పు. నా పంచ నాకియ్యి.”

“బిడ్డ కింద నుంచి నువ్వే లాక్కో.”

చెయ్యి చాపాడు గానీ లాగలేకపోయాడు.

“ఓట్లు అయ్యేదాకా పార్టీవోళ్లు ఆగమంటే ఆగినా. ఇంగ ఆగను.”

“పో. ఆ చొక్కా ఇడిచిపెట్టి పో. వీనికి రెండో బొంత గావాల,” సిద్దమ్మ దారం కొరికింది. “నెత్తురు ఉతికేది నాకింగ శాతగాదు. ఈసారన్నా అంటకముందే ఇయ్యి.”

బయట జీపు హారన్ మోగింది. బిడ్డ ఉలిక్కిపడ్డాడు.

వీరన్న చెయ్యి తనకు తెలియకుండానే జో కొడతా ఉంది.