నమిలి పెట్టిన ముద్ద

"నేనే ఇచ్చాను, డాక్టరుగారూ," అంది తల్లి, కుర్చీలో కూర్చోకుండానే.

"ఏమిటమ్మా?"

"ఆ వైరస్. మెడ దగ్గర గడ్డ లింఫోమా అనే క్యాన్సరన్నారు, అందులో వైరస్ దొరికిందన్నారు. అది ఎంగిలితో అంటుకుంటుందట. గొంతుకు అడ్డం పడుతుందని వాడికి ముద్ద నమిలి పెట్టేదాన్ని."

"ఎన్నాళ్ళు?"

"పళ్ళు వచ్చేదాకా."

రిపోర్టు వచ్చి మూడు రోజులైంది. అప్పటినుంచి ఆమె మూతికి మాస్కు తియ్యలేదు. కొడుకు మంచానికి దూరంగా, కిటికీ పక్కన కూర్చుంటోంది. జావ గిన్నె నర్సు చేతికిచ్చేస్తోంది.

నర్సు తలుపు దగ్గర నిలబడి ఉంది. "చెంచా ముట్టడం లేదు సార్. అమ్మ రుచి చూసి పెట్టాలట. నోట్లో ఉన్నవి నాలుగు పళ్ళు, పంతానికి మాత్రం ముప్పై రెండు!"

"బరువు ఇంకా తగ్గితే రేపటి మందు ఎక్కించలేను," అన్నాడు డాక్టరు.

"అయితే మళ్ళీ నన్నే విషం పెట్టమంటారా?"

డాక్టరు కుర్చీ ఆమె వైపు జరిపాడు. "పెద్దవాళ్ళలో నూటికి తొంభై మంది ఒంట్లో ఉంటుందమ్మా అది. నాకూ ఉండే ఉంటుంది. మీరు కాకపోతే ఇంకొకరు ఇచ్చేవాళ్ళు. వచ్చాక పోదు, ఓ మూల పడి నిద్రపోతుంది. ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నంతకాలం లేవదు."

"మరి వాడికెందుకు లేచింది?"

డాక్టరు ఫైలు మొదటి పేజీ చూశాడు. "కాపలా సన్నగిల్లింది. అది మీ వల్ల కాదు."

"ఒట్టు?"

"ఒట్టు."

"మీ అమ్మ మీద?"

"మా అమ్మ మీదే. ఆవిడా నమిలే పెట్టింది." ఆమె లేచాక మళ్ళీ అన్నాడు, "రుచి మాత్రం వేరే చెంచాతో చూడండి."

వార్డులో కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె చేతులు కడుక్కుంది. మాస్కు తీసి సంచిలో పెట్టింది.

"ఇటు తిరుగు నాన్నా."

"మూడు రోజులైంది నువ్వు నన్ను ముట్టుకుని."

"తప్పయిపోయింది. కథ చెప్పనా?"

"ముందు రుచి చూడు."

చూసింది. "ఉప్పు తక్కువైంది."

"నువ్వు చేస్తే ఎప్పుడూ తక్కువే," అని ఇటు తిరిగి నోరు తెరిచాడు.

గిన్నె ఖాళీ అయ్యాక ఆమె ఆ జుట్టు లేని తల మీద ముద్దు పెట్టింది. నర్సు మంచానికి తగిలించిన చార్టు తీసి, పద్నాలుగు చెంచాలు అని రాసింది.

పైన రోగి వయసు గడిలో అరవై తొమ్మిది అని ఉంది.