రెట్టింపు తొట్టి

"ఆపండ్రా! ఈ తొట్టి మేడెక్కదు!" అని మేస్త్రి కేకేశాడు.

ఇంటాయనకు ఒళ్లు మండింది. నీళ్లు చాలక వారం రోజులుగా ఇంట్లో కీచులాటలే. "పాతదానికి రెట్టింపు చేయించానయ్యా, కొండనేం తేలేదు!"

"కొలతలెలా ఇచ్చారు?"

"పాతది అన్ని వైపులా మీటరు. పొడవు, వెడల్పు, ఎత్తు, మూడూ రెండేసి మీటర్లు చెయ్యమన్నాను."

"మూడూనా! పాతది ఒక ఘనపు మీటరు బాబూ, ఇది ఎనిమిది. నిండితే ఎనిమిది టన్నులు!"

"నాకు లెక్కలు నేర్పకు. ఎక్కించు!"

మేస్త్రి కదల్లేదు. "ఈ శ్లాబు కింద గదెవరిది?"

ఆ గదిలోంచి కూతురు పాఠం వల్లె వేస్తున్న గొంతు వినిపించింది.

ఇంటాయన పళ్లు కొరికాడు. "సరే, దించండి. ఇంకో వారం బిందెలు నేనే మోస్తాను."